పొగగొట్టము క్రింది నేల

బొంబాయిలో పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతములందు ఒకప్పుడు గడియారము లేని యిండ్లు వేలకొలది యుండెను గాని, వేళ తెలియని యిల్లు ఒక్కటియు లేకుండెను. మిల్లు కూతయే అందరికిని గడియారము. ఆ కూతను అక్కడివారు ‘భోంగా’ అని పిలుచుచుండిరి. ఒక కూతకు లేచుట, మరియొక కూతకు పరుగెత్తుట, సాయంకాలపు కూతకు పొయ్యి రాజవేయుట, ఇదియే కొన్ని తరముల దినచర్య. నేడా కూత లేదు. కూసిన మిల్లులును లేవు. ఆకాశము నంటు అద్దపు మేడల నడుమ ఇటుకల పొగగొట్టములు కొన్ని మాత్రము పొగ లేక, పని లేక నిలిచియున్నవి. ఆ గొట్టముల క్రింది నేలను గూర్చి, ఆ నేల యెవరిది అను ప్రశ్నను గూర్చి, నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మనము పాత గుడిని చూచిన చేతులు జోడింతుము. పాత కోటను చూచిన బిడ్డలకు కథ చెప్పుదుము. పాత మిల్లును చూచిన మాత్రము, ఈ శిథిలమును ఎప్పుడు తొలగింతురో యని విసుగుకొందుము. ఇందు వింత లేదు. గుడి దేవునిది, కోట రాజుది; మిల్లు కూలివానిది. కూలివాని చెమట కూడ చరిత్రయే యని యొప్పుకొనుటకు లోకమునకు చాల కాలము పట్టినది. పరిశ్రమల పురాసంపదను కాపాడుటకై యేర్పడిన అంతర్జాతీయ సంఘమువారు 2003వ సంవత్సరమున రష్యాలోని నిజ్నీ తగీల్ పట్టణమున సమావేశమై, యొక ప్రకటన వెలువరించిరి. యంత్రములును కర్మాగారములును మాత్రమే కాక, ఆ పనివారు కాపురమున్న ఇండ్లు, ప్రార్థించిన స్థలములు, చదువుకొన్న బడులు సయితము కాపాడదగిన సంపదలోనివే యని వారు చెప్పిరి. ఈ మాటను మనసునందుంచుకొని బొంబాయి కథ వినవలెను.

బొంబాయిలో మొదటి బట్టల మిల్లును స్థాపింపబూనినవాడు కవాస్‌జీ నానాభాయి దావరు అను పారసీక వర్తకుడు. 1854లో కంపెనీ యేర్పడినది. 1856లో తాడ్‌దేవు పేటయందు కదురులు తిరుగ నారంభించినవి. పిదప 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినది. అచ్చటి ప్రత్తి ఇంగ్లండు చేరుట నిలిచి, మన ప్రత్తికి బంగారపు వెల వచ్చినది. ఆ ధనము కొంత జూదమువంటి వ్యాపారములందు మునిగిపోయినను, మిగిలినది మిల్లులై మొలచినది. సముద్రతీరపు చెమ్మగాలి నూలు తెగకుండ కాపాడెను. రేవు దగ్గర, రైలు దగ్గర, దక్కను ప్రత్తి నేలలు వెనుకనే. ఇట్లు పెరిగి పెరిగి, కాలక్రమమున నగరమధ్యమున 58 మిల్లులు, సుమారు 600 ఎకరముల నేల నాక్రమించి నిలిచెను. ఆ ప్రాంతమునకు మరాఠీవారు ‘గిరణ్‌గావ్’ అని పేరు పెట్టిరి. అనగా మిల్లుల ఊరు.

ఆ కట్టడములను శ్రద్ధతో చూచినవానికి వానిలో ఒక్క ఇటుకయు వృథాగ పెట్టలేదని తెలియును. పొగగొట్టము అంత ఎత్తుగ కట్టుట శోభ కొరకు కాదు. గొట్టము ఎత్తైనకొలది గాలి గట్టిగ లాగి, బాయిలరు క్రింది బొగ్గు చక్కగ మండును. నేతకొట్టము పైకప్పు రంపపు పండ్లవలె నుండును. ఆ పండ్లకు ఒకవైపు మాత్రమే అద్దములు, అదియు ఉత్తరపు వైపున. ఎండ నేరుగ పడక, వెలుతురు మాత్రము దినమంతయు సమముగ దిగును. నేతగాడు తెగిన పోగును వెంటనే చూడగలడు. క్రింద వరుసలు తీరిన పోత ఇనుప కంబములు. పెరటిలో చెరువు, ఆవిరి యంత్రమునకు నీరందలి నుండియే వచ్చును. చూడ మోటుగ నున్న ఆ కట్టడము, వెలుతురును గాలిని నీటిని లెక్కవేసి కట్టిన శాస్త్రము.

ఇక మనుష్యులు. కొంకణము నుండి, సాతారా నుండి, ఘాట్ల మీది పల్లెల నుండి వచ్చినవారు అధికులు. వారితోపాటు తెలుగువారును వచ్చిరి. తెలంగాణపు కరువు పల్లెల నుండి కూలికి వచ్చిన మనవారిని అక్కడ ‘కామాఠీలు’ అనిరి. కామాఠీపుర అను పేటకు పేరు వారి నుండియే వచ్చినది. వెనుక పద్మశాలీలు కరీంనగరు మొదలగు జిల్లాల నుండి తమ చేతిలోని విద్యతో మిల్లులలో చేరిరి. ఇంట గుంటమగ్గము పాడుపడగా, మిల్లులోని ఇనుపమగ్గము అన్నము పెట్టినది. బొంబాయి నగరపాలకులు తెలుగు బడులు సయితము నడపిరి. కావున ఈ కథ పరాయివారి కథ కాదు.

వారి కాపురములు ‘చాలు’ అనబడు పొడవాటి కట్టడములలో నుండెను. 1920 ప్రాంతపు సంవత్సరములలో బొంబాయి అభివృద్ధి శాఖవారు వర్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 చాళ్లను కట్టిరి. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఒక గదిలో నొక సంసారము. కొన్ని గదులలో సంసారములు లేని పదిమంది మగవారు, పగటివాడు లేచిన చాపమీద రాత్రివాడు పరుండును. వారికి వండి పెట్టిన ఆడువారిని మరువరాదు. ఇంటింట ‘ఖానావళి’ పెట్టి, నెలకింత యని తీసికొని, రొట్టెయు పప్పును పెట్టిన ఆ తల్లులు లేకున్న ఏ కదురును తిరిగెడిది కాదు. ప్రేమా పురావు అను నామె 1975లో వారిని అన్నపూర్ణా మహిళా మండలముగ కూర్చి, అధికవడ్డీ అప్పుల నుండి విడిపింప యత్నించెను.

ఆ లోకమంతయు మంచిదే యని నేను చెప్పబోను. దూది ధూళి ఊపిరితిత్తులలో చేరి యెందరినో కాల్చినది. మరియు నేతఖాతాలో జీతమెక్కువ. కాని అస్పృశ్యు లనబడినవారికి అందు ప్రవేశము లేకుండెను. కారణమేమనగా, నాడెలో కండె మార్చినప్పుడు నూలు కొసను నాడె కంటిలో నుండి నోటితో పీల్చవలెను. ఒకరు నోరు పెట్టిన నాడెకు మరియొకరు నోరు పెట్టమనిరి. 1928లో మహాసమ్మె జరిగినప్పుడు డాక్టరు అంబేద్కరుగారు ఈ అన్యాయమును సమ్మెసంఘము నెదుట నుంచి, నేతఖాతాలో తమవారికిని హక్కు కావలెనని పట్టుపట్టిరి. ఒక చిన్న నాడె కంటిలో ఇంత చరిత్ర యున్నది. ఆ నాడెను పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మినచో ఈ కథను చెప్పు సాక్షి యేది? పురాసంపద యనగా మన గొప్పలను దాచుకొనుట మాత్రము కాదు. మన తప్పులకు సాక్ష్యమును నిలుపుకొనుట కూడ.

1982 జనవరి 18వ తేదీన మిల్లు కార్మికులు డాక్టరు దత్తా సామంతుగారి నాయకత్వమున సమ్మె ప్రారంభించిరి. సుమారు రెండున్నర లక్షలమంది పని మానిరి. ఆ సమ్మె ముగిసినదని లాంఛనముగ ప్రకటించినవారు నేటివరకు లేరు. అది ఆకలితో కరగిపోయినది. కొందరు పల్లెలకు పోయిరి. కొందరు భివండీ మరమగ్గములకు, తక్కువ కూలికి, చేరిరి. ఎందరికో తిరిగి పని దొరకలేదు. యంత్రములు పాతవై, మరమగ్గముల పోటీ పెరిగి, మిల్లులకు అంతకుమునుపే జబ్బు పట్టియుండెను. సమ్మెతో అది ముదిరినది. సరిగ నా కాలముననే నగరమున నేల వెల ఆకాశమునకెగసెను. బట్ట నేయుటకంటె బట్ట నేసిన నేలను అమ్ముట లాభకరమయ్యెను.

ఇప్పుడు శాసనముల కథ కొంచెము ఓపికతో వినవలెను; ఏలయనగా సర్వము ఇచ్చటనే తేలినది. 1991లో నగరాభివృద్ధి నిబంధనలు వచ్చినవి. వానిలో 58వ నిబంధన మిల్లు నేలలను గూర్చినది. దాని ధర్మము సులభము. మిల్లు నేలను క్రొత్త పనులకు మార్చదలచిన యజమాని దానిని మూడు పాళ్లు చేయవలెను. ఒక పాలు నగరపాలకులకు, తోటలకును ఆటస్థలములకును. ఒక పాలు గృహనిర్మాణ సంస్థకు, సామాన్యుల ఇండ్లకు. మిగిలిన పాలు యజమానికి. నేల అమ్మగా వచ్చిన సొమ్ము వేరుగ నుంచి, కార్మికుల బాకీలు తీర్పవలెను. వినుటకు మన పెద్దలు చెప్పు పొత్తుసేద్యపు పంపకమువలె న్యాయముగ నున్నది.

1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరయాగారి ఆధ్వర్యమున ఒక సంఘమును ప్రభుత్వము నియమించినది. ఆ సంఘమువారు విడివిడి మిల్లులను చూడక, ప్రభుత్వపు జౌళి సంస్థ చేతిలోని మిల్లు నేలల నన్నింటిని ఒక్క పటముమీద పరచి చూచిరి. ఇక్కడి ముక్కను అక్కడి ముక్కతో కలిపినచో, ఇరుకైన పరేలు రైలు స్టేషనుల దగ్గర జనము మసలుకొనుటకు విశాలమైన బయలు ఏర్పడునని సూచించిరి. పాత కట్టడములలో మంచివానిని నిలిపి వాడుకొనవచ్చుననిరి. ఆ సూచనలు కాగితముమీదనే యుండిపోయెను.

2001లో 58వ నిబంధనను సవరించిరి. మూడు పాళ్లు చేయవలసినది మిల్లు నేల యంతయు కాదు, దానిలో ‘ఖాళీ’గ నున్న భాగము మాత్రమే యనిరి. మిల్లు ఆవరణలో అధికభాగము కొట్టములే గదా! ఆ కొట్టములను పడగొట్టగా వెలువడిన నేల ఖాళీ క్రిందికి రాదనిరి. ఇట్లు పంచుకొనవలసిన కుప్ప ఒక్కసారిగ చిన్నదయ్యెను. పర్యావరణ సంఘమువారు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2005లో బొంబాయి హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి సవరణను నిలిపెను. జబ్బుపడిన మిల్లులను తిరిగి నిలుపుటకును, కార్మికుల బాకీలు తీర్చుటకును సొమ్ము కావలెననియు, అది నేల అమ్మకము వలననే రావలెననియు సవరణను సమర్థించినవారి వాదము. ఆ వాదమున సత్యము లేకపోలేదు. బాకీపడిన జీతము కొరకు ఏండ్ల తరబడి ఎదురు చూచిన కుటుంబములకు ఆ సొమ్ము ప్రాణము. కాని ఒకసారి యమ్మిన నేల మరల రాదు. ‘ఖాళీ’ అను రెండక్షరముల మాటకు నెంత శక్తి గలదో నాకు ఆనాడు తెలిసినది. నూరేండ్లు మనుష్యులు నిండియున్న చోటునకు ఖాళీ యని పేరు పెట్టుటయే మొదటి కూల్చివేత. గడ్డపార వెనుక వచ్చును.

ఫలితము నెరుగనివారు లేరు. ఒక్కొక్క మిల్లును ఒక్కొక్క యజమాని తనకు తోచినట్లు కట్టుకొనెను. పదివేలమంది నడచిన వీధులకు లక్షలమంది వచ్చిరి. వీధులు మాత్రము పెరుగలేదు. ఆనాడు ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు అనియు, 2018 నుండి ప్రభాదేవి అనియు పిలువబడుచున్న స్టేషనులో, 2017 సెప్టెంబరు 29వ తేదీన, ఇరుకైన పాదచారుల వంతెనమీద త్రొక్కిసలాటలో 23 మంది చనిపోయిరి. వారు మిల్లు కూలీలు కారు; మిల్లులున్న చోట వెలసిన కచ్చేరీలకు పోవువారు. కొరయాగారు బయలు కావలెనని గీత గీచినది ఆ స్టేషనుల చుట్టునే. అదే సంవత్సరము డిసెంబరు 29న కమలా మిల్లు ఆవరణలో, మేడ కప్పుల మీద పెట్టిన విందుశాలలలో మంట పుట్టి 14 మంది చనిపోయిరి. పాత కట్టడమును క్రొత్త పనికి వాడుకొనుట మంచిదే. కాని కట్టడమునకు రక్షణ నియమములు లేకున్న, నిలుపుటయు కూల్చుటతో సమానమే.

ఇండ్ల మాట యేమి? 2012 జూన్ మాసమున మిల్లు కార్మికులకు మొదటి చీట్లు తీసిరి. ఆనాడు తేలిన ఇండ్లు 6,925. దరఖాస్తులు పెట్టినవారు సుమారు లక్షన్నర. సమ్మెనాటికి ముప్పది యేండ్లు నిండెను. చీటీలో పేరు వచ్చునప్పటికి అనేకుల పేర్లు భార్యల చేతిలోనో బిడ్డల చేతిలోనో నుండెను.

ఈ సందర్భమున నా మేనమామను తలపక తప్పదు. ఆయన 1961లో పదునెనిమిదేండ్ల ప్రాయమున కరీంనగరు జిల్లా నుండి పోయి ఒక మిల్లులో నేతఖాతాలో చేరెను. ఇరువది యొక్క యేండ్లు పని చేసెను. సమ్మె తరువాత భివండీకి పోయి, పిదప ఇంటికి వచ్చి చేరెను. 2008లో ఒక పెండ్లికై మేమిద్దరము బొంబాయి పోయినప్పుడు, తన మిల్లును చూపుమని నన్నడిగెను. ‘మామా, అది ఇప్పుడు మిల్లు కాదు గదా’ అంటిని. ‘ఎరికేరా అల్లుడా, జాగన్న ఉంటది గద’ అనెను.

పోతిమి. పొగగొట్టము నిలిచియున్నది; రంగు వేసి, రాత్రి దీపములు వెలుగునట్లు ఏర్పాటు చేసిరి. పాత నేతకొట్టము కొంత మిగిలియున్నది. లోన విదేశపు పాదరక్షల దుకాణము. మామ చుట్టు చూచి, వరుసలు లెక్కపెట్టుకొనుచు నడచి, ఒక ఇనుప కంబము దగ్గర ఆగెను. దానికి తెల్లరంగు పూసి అద్దము తగిలించిరి. ఆయన అరచేయి కంబమునకు ఆనించి, ‘గిదే అల్లుడా. గిటొక సాంచె, గటొక సాంచె. నడుమ నేను’ అనెను. దుకాణపు పిల్లవాడు వచ్చి ఏమి కావలెనని మర్యాదగనే అడిగెను. నేను ఏమియు వలదంటిని. ఆ పిల్లవాని తప్పేమి? ఆ కంబము దేనిదో వానికెవరు చెప్పిరి? ఆ గోడమీద ఒక్క అక్షరము లేదు, ఒక్క పటము లేదు. గొట్టమును నిలిపిరి, గొట్టము క్రింద నిలిచినవానిని మాత్రము తుడిచివేసిరి. కథ పోయిన పొగగొట్టము అలంకారము. అంగడి గుమ్మమునకు కట్టిన తోరణము.

మరి ఇంతకంటె మంచి దారి లోకమున లేదా? కలదు. జర్మనీలో రూరు ప్రాంతము బొగ్గునకును ఉక్కునకును ప్రసిద్ధము. అందు డూయిస్‌బుర్గు నగరమున ఒక ఇనుప కార్ఖానా 1985లో మూతపడినది. నేల విషపూరితము, కొలుములు త్రుప్పుపట్టినవి. కూల్చవలెనని కొందరనిరి. కాని 1989 మొదలు పదేండ్లు ఆ ప్రాంతమంతటిని బాగుచేయుటకు సాగిన మహాప్రణాళికలో ఈ కార్ఖానాను ఉద్యానముగ మార్చిరి. పీటర్ లాట్స్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేసెను. 1994లో జనులకు ద్వారము తెరచిరి. సుమారు 180 హెక్టార్ల తోట. కొలిమిని కూల్చలేదు, దానిమీదికి మెట్లెక్కి ఊరంతయు చూడవచ్చును. గాలిని నింపిన పాత ఇనుపతొట్టిని నీటితో నింపి, మునుగుట నేర్చుకొను వారి కొరకు వదలిరి. ముడి ఇనుము నిలువచేసిన గోడలను పిల్లలు ఎగబ్రాకుచున్నారు. కొన్ని గోడల నడుమ పూలతోటలు పెంచిరి. విషపు మన్నును అంతయు త్రవ్వి మరియొకరి ఊరిమీద పోయలేదు. కొన్నిచోట్ల కప్పిపెట్టి, కొన్నిచోట్ల చెట్లు తమంత తాము మొలచుటకు విడిచిరి.

అంతకంటె నాకు నచ్చినది ఆ సమీపముననే ఓబర్‌హౌజెన్ నగరమునందలి ఐజెన్‌హైమ్ అను కార్మికుల పేట. అది 1846లో పుట్టినది. 1970 తరువాతి సంవత్సరములలో దానిని కూల్చి పెద్ద మేడలు కట్టబోగా, అందు కాపురమున్న గని పనివారును కార్ఖానా పనివారును, వారి ఇల్లాండ్రును సంఘముగ కూడి, ఎదిరించి నిలుపుకొనిరి. నేటికిని ఆ ఇండ్లలో జనులు కాపురములు చేయుచున్నారు. అచ్చట పురాసంపద చూడబోవునది కాదు, బ్రదుకునది.

బొంబాయి నేల వెల వేరు, రూరు నేల వెల వేరు. ఆ మాట ఒప్పుకొనవలెను. అక్కడ ప్రభుత్వము ధారాళముగ ధనము పోసెను. ఇండ్లు లేక కాలిబాటలపై నిదురించువారున్న నగరమున త్రుప్పు ఇనుమునకు ఎకరములు విడుచుట న్యాయమా యని అడుగువారును గలరు. నేనును అడుగుదును. కాని ఆ ఎకరములు ఇండ్లు లేనివారికి పోయినవా? పోలేదు. కావున పోటీ పాత కట్టడమునకును పేదవాని ఇంటికిని కాదు. 1991 నాటి మూడు పాళ్ల ధర్మమే నిలిచియున్నచో, తోటయు, ఇల్లును, కొట్టమును మూడును కొంతకొంత దక్కియుండెడివి. పేదవాని పాలు పోయిననాడే పాత కొట్టము పాలు కూడ పోయినది. ఈ రెండు హక్కులును కవలలు.

దాదరులో ఇందూ మిల్లు స్థలము, సుమారు 12 ఎకరములు, అంబేద్కరుగారి స్మారకమునకై యియ్యబడినది. 2015లో శంకుస్థాపన జరిగినది. నేతఖాతాలో తనవారికి చోటు లేదని ఒకనాడు పోరాడిన మహనీయునికి మిల్లు నేలయే స్మారకమగుట ఎంత తగినదో చూడుడు! ఆ స్మారకమున ఒక మూల ఒక మగ్గమును, ఒక నాడెను, దాని కథను ఉంచిన బాగుండునని నా కోరిక.

ఇక మన యిల్లు చక్కబెట్టుకొందము. ఓరుగల్లున 1934లో నిజాము ప్రభువు తన పెద్దకుమారుని పేర ఆజంజాహీ మిల్లును నెలకొల్పెను. ఎన్నో వేల కుటుంబములు దానిమీద బ్రదికినవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అది మూతపడెను; నేల ముక్కలై అమ్ముడుపోయెను. 2017లో అదే జిల్లా ప్రాంతమున సుమారు 1,200 ఎకరములలో క్రొత్త జౌళి పార్కునకు శంకుస్థాపన చేసిరి. సంతోషమే. కాని క్రొత్త పార్కులో చేరబోవు పిల్లవానికి, మీ తాతలు ఈ ఊరిలో ఇట్లు నేసిరి అని చూపుటకు ఒక నేతకొట్టమైనను ఉంచవలసినది గదా! భీమునిపట్నము దాపున చిట్టివలస జనుపనార మిల్లు 2009లో మూతపడినది. బోధనులో 1937లో పుట్టిన నిజాము చక్కెర కార్ఖానా 2015లో నిలిచిపోయినది. ఇట్టివి మన రాష్ట్రములందు ఇంకను కలవు. వాని నేలమీద రేపో మాపో కొలబద్ద పడును.

అట్టివేళ ఏమి చేయవలెను? నాకు తోచినవి నాలుగు. మొదటిది, గడ్డపార కంటె ముందు కాగితమును పంపవలెను. కట్టడములను కొలిచి, పటములు గీచి, ఛాయాచిత్రములు తీసి, హాజరుపట్టీలను జీతపు పుస్తకములను భద్రపరుపవలెను. చెదలు తిన్న హాజరుపట్టీతో వేలమంది పేర్లు పోవును. రెండవది, పని చేసినవారు బ్రదికియున్నప్పుడే వారి నోటిమాటను పట్టుకొనవలెను. ఇనుము నూరేండ్లుండును, మనిషి యుండడు. మూడవది, నిలుపునప్పుడు శోభకై ఒక గొట్టమును మాత్రము నిలుపక, ప్రత్తి వచ్చి బట్టయై పోవు దారి తెలియునట్లు ఒక కొట్టమును దాని యంత్రములతో నిలుపవలెను. దానిలో బడియో, పుస్తకశాలయో, చేతిపని నేర్పు కేంద్రమో పెట్టి బ్రదికింపవలెను. నాలుగవది, నేల పంపకములో పనివారి పాలును ఊరి పాలును ముందుగ తీసి, పిదపనే అమ్మకము మాట యెత్తవలెను. ‘ఖాళీ’ వంటి మాటను ఎవరు వ్రాసినను, అది ఎవరిని ఖాళీ చేయుచున్నదో యని అడుగవలెను.

నా మేనమామ నేడు లేడు. ఆయనకు చీటీలో ఇల్లు రాలేదు. ఆనాడు దుకాణము నుండి బయటికి వచ్చినపుడు ఆయన ఏడువలేదు, ఎవరిని తిట్టలేదు. గుమ్మము దగ్గర ఒక్కసారి వెనుదిరిగి, ‘రంగైతే మంచిగేసిండ్రు’ అనెను. పిదప మేము రైలుకు పోతిమి. ఆ కంబము ఇంకను అచ్చటనే యున్నదని విన్నాను. దానిమీద ఆయన పేరు వ్రాయుమని నేనడుగను. ఇచ్చట మగ్గములుండెను, ఇచ్చట మనుష్యులు నేసిరి అని ఒక్క పంక్తి వ్రాసిన చాలును. ఆ పంక్తిని వ్రాయుటకు రూపాయలు ఎక్కువ పట్టవు. ఆ నేల ఎన్నడును ఖాళీగ లేదని యొప్పుకొను మనసు మాత్రము కావలెను.